విడిది ధర్మము

తనది కాని, ఇంకొక గృహస్థునిదియు గాని భూమిమీద మనుష్యుడు ఒక రాత్రి పండుకొనవచ్చునా? పండుకొన్నయెడల అతడు ఎవరికేమి ఋణపడును? ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. ఇల్లును వాకిలియు గలవారి మనస్సునకు తట్టనైన తట్టదు. కాని మందను తోలుకొని జిల్లాలు దాటిపోవు గొఱ్ఱెల కాపరికిని, పని వెదకికొనుచు పిల్లలతో బయలుదేరిన కూలి కుటుంబమునకును, సెలవులలో కొండలు చూడబోవు విద్యార్థికిని ప్రొద్దు గ్రుంకువేళ ఇది తప్పక యెదురగును. ఇటీవల మన పట్టణముల యువజనులు పలువురు గుడారము వీపున గట్టుకొని అడవులకును సముద్రతీరములకును పోవుచున్నారు. వారు మొట్టమొదట అడుగు మాట యేమనగా: రుసుము చెల్లింపకయు, ఒకరి తలుపు తట్టకయు రాత్రి గడుపదగిన తావులు ఎక్కడ నున్నవి? తావుల పట్టిక యొకటి వ్రాసియిచ్చి యూరకుండుట సులభము. కాని ఆ పట్టికకు ముందు తేలవలసిన ధర్మమొకటి యున్నది. అది తేలనిచో పట్టికవలన మేలుకంటె కీడే హెచ్చగునని మా తలంపు.

ఈ కోరిక మనవారికి ముఖ్యముగా అమెరికా సంయుక్తరాష్ట్రములను చూచి కలిగినది. అచ్చటి జాతీయారణ్యములలో పెక్కింటియందు, ప్రభుత్వము ఏర్పాటు చేసిన విడిదిపట్టుల వెలుపల, ఎవ్వరైనను రుసుము లేక గుడారము వేసికొనవచ్చును. ఒక్కచోట సాధారణముగా 14 దినములకు మించి యుండరాదు. ఏటికిగాని చెరువునకుగాని సుమారు 200 అడుగుల దూరమున నుండవలెను. పూర్వమొకరు దిగిన చోటనే దిగి క్రొత్తనేలను త్రొక్కకుండుట మేలు. మలమును ఆరు మొదలు ఎనిమిది అంగుళముల లోతు గోతిలో పూడ్చవలెను. తెచ్చిన చెత్తను తిరిగి మోసికొని పోవలెను. నార్వే దేశమున 1957లో చేసిన చట్టము ప్రకారము కాపురమున్న యింటికి 150 మీటర్లలోపల గుడారము వేయరాదు. అనుమతి లేక ఒక్కచోట రెండు దినములకు మించి నిలువరాదు. స్వీడనువారు ప్రకృతిలో సంచరించు సర్వజనుల హక్కును 1994లో తమ రాజ్యాంగమునందే చేర్చుకొనిరి. ఈ దేశముల పద్ధతిలో ఒక చిత్రము గలదు. హక్కు ఒక్క వాక్యముతో ముగియుచున్నది. తక్కినదంతయు ఆ హక్కును పొందినవాడు చేయరాని పనుల జాబితాయే.

మన దేశమున అట్టి హక్కు చట్టములో లేదు. 1882 నాటి చెన్నపురి అటవీచట్టము రిజర్వు అడవిలో అనుమతి లేక అడుగిడుటను నేరముగా నెంచెను. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీచట్టమును ఆ త్రోవనే పోయినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యము చొచ్చుటకు అనుమతిపత్రము కావలెను. కాబట్టి అక్కడ ఉచితముగా దొరకు రాత్రి ఇక్కడ నేరమగుచున్నది. దీనిని ప్రభుత్వపు సంకుచితబుద్ధి యని కొందరు త్రోసివేయుదురు. అది సగము మాట. రిజర్వు అను పేరు పెట్టకమున్ను ఆ అడవులలో సవరలు, జాతాపులు, కొండదొరలు కాపురముండిరి. పోడు కొట్టుకొని, చింతపండును అడ్డాకును ఏరుకొని బ్రదికిరి. చట్టము వచ్చిన పిదప తాము పుట్టిన తావుననే వారు చొరబాటుదారులైరి. 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మన్యములో జరిగిన తిరుగుబాటునకు ఈ అడవి నిర్బంధములును ఒక ముఖ్యకారణము. అమెరికా అడవులు మాత్రము ఆకాశమునుండి ఊడిపడినవి కావు. అవియు ఆదిమజాతుల చేతులనుండి లాగికొన్నవే. అచ్చటి గుడారములలో హాయిగా నిద్రించువారు ఆ సంగతి తరచుగా తలచుకొనరు. అందరిదియైన అడవి మొదట కొందరిది. వారిని ప్రక్కకు నెట్టిన పిదపనే దానికి అందరిది యను పేరు వచ్చినది. ఉచితమైన రాత్రిని కోరువాడు ఈ మాట నెఱిగియుండుట మంచిది. తన గుడారపు మేకు దిగు నేలలో ఎవరిదో పాతహక్కు ఉండకపోదు.

చట్టములో లేనంతమాత్రమున ఆచారములో లేదని కాదు. బాటసారికి నీడయు నీరును రాత్రికి చోటును ఇచ్చుట మన దేశమున రాజధర్మముగను గృహస్థధర్మముగను చాలకాలమునుండి వచ్చుచున్నది. బాటలవెంట మఱ్ఱిచెట్లు నాటించితిననియు, మామిడితోపులు వేయించితిననియు, నూతులు త్రవ్వించి విశ్రాంతిగృహములు కట్టించితిననియు అశోకుడు ఏడవ స్తంభశాసనమున చెప్పుకొనెను. ఆ నీడ మనుష్యులకును పశువులకును గూడ ఉద్దేశింపబడినది. కాని ఆతని పదుమూడవ శిలాశాసనమున, కళింగయుద్ధమునకు పశ్చాత్తాపపడిన చోటనే, అటవీజనులకొక హెచ్చరిక గలదు: పశ్చాత్తాపపడినను తనకు దండించు శక్తి యున్నదని వారు మరువరాదట! కళింగదేశపు శిలలగు ధౌళి, జౌగడలమీద ఈ శాసనమును చెక్కింపనేలేదు. బాటసారికి మఱ్ఱినీడ నిచ్చిన చేయియే అడవివానికి కత్తి చూపినది. ఈ రెండు బుద్ధులును నేటికిని మన ప్రభుత్వములయందు మాత్రమే కాదు, మన యిండ్లలో గూడ ప్రక్కప్రక్కనే కాపురము చేయుచున్నవి.

మన తాతలు కట్టించిన సత్రములను మనము గర్వముతో చెప్పుకొందుము, చెప్పుకొనవలసినదే. కాని పెక్కు సత్రములలో అన్నము ఒక వర్ణమునకే, అరుగు మరికొందరికే. పంచములని పేరుపెట్టి వెలివేయబడినవారికి ఆ వాకిలియే లేదు. అట్టి బాటసారికి సత్రమనగా ఊరివెలుపలి చింతతోపు, చెరువుగట్టు, వల్లకాటి ప్రక్క మఱ్ఱి. సర్వజన స్థలములయందు హరిజనులకు అడ్డుచెప్పుటను 1938లో చెన్నపురి శాసనసభ నిషేధించినది. 1950లో రాజ్యాంగము బావులు, చెరువులు, దారులు మొదలగువాని విషయమున ఆ మాటనే దేశమంతటికిని శాసించినది. అందాక ధర్మసత్రమను పేరునకు సత్రముకంటె తోపే యెక్కువ తగియుండెను; చెట్టు గోత్రము నడుగదు గదా. అయినను ఆ చెట్టు క్రింద ఆడుది మాత్రము కన్ను మూయలేదు. బయలు అందరిదని మనము గట్టిగా వాదించునప్పుడు ఆ యందరిలో మన యాడబిడ్డలున్నారా? కొండలలో రెండు రాత్రులు గడిపి వచ్చిన కుమారుని సాహసి యని మెచ్చుకొందుము. అదే పని చేసి వచ్చిన కుమార్తెను ఏమందుమో చదువరులు తమతమ యిండ్లలోనే విచారించుకొనవచ్చును.

బయట రాత్రి గడుపు విద్యలో మనకు మిక్కిలి దగ్గరి గురువులు కళింగపట్నపు ప్రక్కనే యుండిరి. వంశధార సముద్రమున గలియుచోట నున్న ఈ పాతరేవునకు పడమట, కొలది మైళ్లలో, నదికి దక్షిణపుటొడ్డున శాలిహుండపు కొండ గలదు. దానిమీది బౌద్ధ శిథిలములను 1919లో గిడుగు రామమూర్తిపంతులుగారు కనుగొనిరి. సవరల మధ్య తిరిగి, వారి భాషకు వ్యాకరణమును నిఘంటువును రచించిన ఆయనకు ఊరివెలుపలి తావులును ఊరివెలుపలి మనుష్యులును కంటికి ఆనుట వింత కాదు. (ఆయన వలదన్న భాషలోనే ఆయనను స్మరించుచున్నాము, అది వేఱు తగవు.) కొండమీది స్తూపములను చూచి భిక్షువులనగా ఇటుక కట్టడములలో సుఖముగా నున్నవారని యనుకొందుము. కాని బుద్ధుని సంఘమున చేరిన భిక్షువునకు చెప్పు నాలుగు ఆధారములలో నివాసమును గూర్చినది చెట్టు మొదలు మాత్రమే. వారు ఎల్లకాలములందును తిరుగుచుండగా ప్రజలు ఆక్షేపించిరని వినయపిటకము చెప్పుచున్నది. వానకాలమున గూడ వీరు పచ్చగడ్డిని త్రొక్కుచు చిన్న ప్రాణులను చంపుచున్నారే, పక్షులైనను చెట్లకొనలను గూళ్లు కట్టుకొని నిలుచునే యని వారు గొణిగిరట. అందుమీద వర్షావాస మేర్పడెను. మూడు నెలలు ఒక్కచోట ఆగవలెను. భిక్షువు తడియునని కాదు ఆగుమన్నది. వాని పాదము క్రింద పురుగు చచ్చునని. ఆ వానకాలపు విడిదులే కాలక్రమమున విహారములైనవి.

వారి నియమములు కొన్ని వినదగినవి. భిక్షువు నేల త్రవ్వరాదు, త్రవ్వింపరాదు. చెట్టుచేమలను కొట్టరాదు. ప్రాణులున్న నీటిని గడ్డిమీదగాని మట్టిమీదగాని పోయరాదు. జబ్బు లేనివాడు చలి కాచుకొనుటకై మంట వేయరాదు. పచ్చికమీదను నీటియందును మలమూత్రములు విడువరాదు, ఉమ్మివేయరాదు. సంఘపు మంచమును ఆరుబయట వేసికొన్నవాడు దానిని తీసి సర్దక, ఒకరికి చెప్పక వెడలిపోరాదు. మంటను గూర్చిన నియమము పుట్టిన కథ నవ్వు పుట్టించును: భిక్షువులు చలికాలమున బోలుదుంగ నొకదానిని కాల్చగా, లోపల నున్న నల్లత్రాచు వేడికి తాళలేక బయటికి వచ్చి వారిని తరిమినదట. అమెరికా అటవీశాఖవారు నేడు చెప్పు నియమములలో సగమునకు పోలిక ఇందు గలదు. భిక్షువు త్రవ్వరాదు, అమెరికా బాటసారి గోయి త్రవ్వవలెను. ఉద్దేశము మాత్రము రెంటను ఒక్కటే. తన తరువాత వచ్చువానికి, వాడు మనుష్యుడైనను పురుగైనను, తన రాక బాధ కారాదు. ఇప్పుడు శాలిహుండపు కొండ కేంద్ర పురావస్తుశాఖ రక్షణలోనిది. భిక్షువులు పండుకొన్నచోట మనము పండుకొనరాదు, చూచి దిగిరావలెను.

దిగివచ్చి తీరమునకు పోదము. మెత్తని యిసుక, ప్రక్కన సరుగుడు తోటలు, ఎదుట సముద్రము. గుడారము వేయదలచినవానికి ఇంతకంటె ఖాళీయైన తావు దొరకదనిపించును. కాని ఖాళీ యని చెప్పునది మన కన్ను మాత్రమే. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలము చివరనుండి వేసవి మొదటివరకు శ్రీకాకుళపు తీరమునకు రాత్రివేళ వచ్చి, ఇసుకలో గుంట త్రవ్వి, నూరేసి గ్రుడ్లు పెట్టి, కప్పివేసి పోవును. ఏడెనిమిది వారములకు పిల్లలు చీకటిలో బయటపడి, ఎటు వెలుగు హెచ్చుగా నుండునో అటు ప్రాకును. ప్రకృతిలో ఆ వెలుగు సముద్రముమీది యాకాశము. వెనుకదిక్కున మన మంటయో, మన కారు దీపమో వెలుగుచున్నచో అవి నీటిని విడిచి మెట్టకు పోయి, తెల్లవారునప్పటికి కాకులకును కుక్కలకును ఆహారమగును. ఇచ్చటికి దగ్గరనే శ్రీకూర్మమున కూర్మావతారమునకు కోవెల కట్టి కొలుచుచున్నాము. ఆవరణలో నక్షత్రతాబేళ్లను సాకుచున్నాము. ఉదయమున ఆ కూర్మనాథుని సేవించి, రాత్రి ఇసుకలో నెగడు వేసికొని పాటలు పాడు భక్తుని ఏమనవలెను? అతడు దుష్టుడు కాడు. ఇసుక ఖాళీ యనుకొన్నాడు, అంతే.

జాలరుల విషయమును అట్టిదే. పడవ లాగు చోటు, వల ఆరవేయు చోటు, చేప యెండబెట్టు చోటు: వీనికి కంచె లేదు, పట్టా లేదు, ఊరిలో పసివానికి గూడ తెలియును. తెల్లవారుజామున పడవ దింపవలసినవానికి దారిలో గుడారము తగిలినప్పుడు చట్టము ప్రకారము తీరము ఎవరిదని వాదించుట సిగ్గుమాలిన పని. సరుగుడు తోటలు గాలివానకు అడ్డుగా పెంచినవి. క్రింద పరచుకొన్న ఎండుటాకునకు ఒక్క నిప్పురవ్వ చాలును. ఇక వంశధార పుట్టినది ఒడిస్సా కొండలలో. అచ్చట కురిసిన వాన, ఇచ్చట చుక్క పడకుండగనే, నదీముఖమునకు వరద తెచ్చును. కాబట్టి ఇసుకతిన్నె యెంత అందముగా నున్నను దానిపై నిద్ర తగదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానును, 2021 సెప్టెంబరులో గులాబ్ తుపానును ఈ జిల్లా తీరముననే దాటినవి.

తావు ఎట్లు కనుగొనవలెనన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. పటము చాలదు. ప్రొద్దుండగనే ఊరు చేరి అడుగవలెను. ఈ తోపు ఎవరిది, ఇందు దిగువారు గలరా, నీరెక్కడిది, రాత్రి ఏ జంతువు ఈ దారిని నడచును, ఈ నెలలో ఇసుకలో గ్రుడ్లున్నవా అని ఊరి పెద్దలను, తీరమున జాలరులను, అడవి దగ్గర అటవీశాఖ ఉద్యోగిని, మన్యమున గ్రామసభవారిని అడుగవలెను. రిజర్వు అడవియైనచో అనుమతి లేక చొరబడరాదు. వలదన్నచో ముందరి యూరికి నడచుటకు కాలు సత్తువ మిగిల్చుకొని యుండవలెను. ఒకరి తలుపు తట్టకుండ దొరకు తావు కావలెనని మన యువకులు కోరిరి గదా; తలుపు తట్టుటయే ఈ ధర్మములో మొదటి మెట్టని మేము చెప్పుచున్నాము. యజమాని లేని నేలకు గూడ ఇరుగుపొరుగు లుందురు.

ఉచితమగుటచేతనే తావులు చెడుచున్నవి, రుసుము పెట్టుడని కొందరు వాదింతురు. పాడేరు దగ్గరి వంజంగి కొండకును, చింతపల్లి ప్రాంతపు లంబసింగికిని చలికాలమున మంచు చూడవచ్చువారు లెక్కలేనందరు. గుడారములకు అద్దె చెల్లించియే పలువురు దిగుదురు. అయినను సీసాలును ప్లాస్టిక్కు సంచులును కొండ యెక్కుచునే యున్నవి, దిగుట లేదు. డబ్బిచ్చినవాడు తన బాధ్యతను గూడ ఆ డబ్బుతో వదిలించుకొంటిననుకొనును. ఈ భ్రమకు మన దేశమున వేరు చాల లోతు. మన చెత్త నెత్తుటకు వేఱొక కులమువారు పుట్టియున్నారని తరతరములుగా నమ్మితిమి. అందుచేత అమెరికా నియమములలో మనవారికి కష్టమైనది 14 దినముల గడువు కాదు; తన మలమునకు తానే గోయి త్రవ్వుకొనుట, తన చెత్తను తన వీపుననే మోసికొనుట. గాంధీగారు తమ ఆశ్రమములలో మరుగుదొడ్లను ఆశ్రమవాసులచేతనే శుభ్రము చేయించుటకు ఎంత పోరాడవలసివచ్చెనో తెలిసినవారికి ఇది చిన్న విషయముగా తోపదు.

ఇంతకంటె కఠినమైన భాగము ఇంకను మిగిలియున్నది. బయట పండుకొను రాత్రి కొందరికి వినోదము, కొందరికి గత్యంతరము లేనిది. ఈ ఇద్దరిని మనము ఒక్క కంటితో చూచుచున్నామా? ఎఱుకలవారు పూర్వము తీరమునుండి ఉప్పును పశువులమీద వేసికొని లోపలి జిల్లాలకు మోసి, ధాన్యమునకు మార్చుకొనుచు, ఊరూర తోపులలో దిగుచు బ్రదికిరి. రైళ్లు వచ్చి ఆ వర్తకము చెడినది. అడవి చట్టము వచ్చి మేతయు వెదురును కరువైనవి. 1871లో ఉత్తరభారతమున పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో చెన్నపురి రాజధానికిని వచ్చెను. అంతట తిరుగుటయే అనుమానమునకు కారణమైనది. విడిది దిగుటయే సాక్ష్యమైనది. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురము ఏర్పడి, వారిలో పలువురు అందు నిర్బంధముగా కాపురము పెట్టింపబడిరి. ఆ చట్టము 1952లో రద్దైనది. కాని ఊరి వెలుపల పాతగుడ్డల డేరాలు కనబడగానే కోళ్లను లెక్కపెట్టుకొను బుద్ధి రద్దు కాలేదు. రంగురంగుల నైలాను గుడారమును చూచి ముచ్చటపడువారమును మనమే.

ఇది మన దేశమునకే పరిమితము కాదు. అడవిలో 14 దినములు ఉచితముగా నుండుమను అమెరికాలోనే, ఇల్లు లేనివారు ఊరి తోటలో కంబళి కప్పుకొని పండుకొనుటను నగరములు శిక్షింపవచ్చునని 2024లో అచ్చటి అత్యున్నత న్యాయస్థానము తీర్పుచెప్పెను. కారున్నవానికి నక్షత్రముల క్రింద నిద్ర స్వాతంత్ర్యము. కారు లేనివానికి అదే నిద్ర అపరాధము. ఈ విషయమున మన 2006 నాటి అటవీహక్కుల చట్టము మెచ్చదగినది. సంచారజాతులవారును పశువుల కాపరులును ఋతువుననుసరించి అడవిని వాడుకొను ఆచారము అందులో హక్కుగా గుర్తింపబడినది. చట్టము ఆ మాట నన్నది. ఊళ్లు ఇంకను అనవలసియున్నది. పేదవాని డేరాను పీకించి ధనికుని గుడారమునకు దారి చూపునట్టి హక్కు మాకు అక్కరలేదు. మొదటివానికి చోటున్న తోపులోనే రెండవవాడు దిగవలెను.

అట్టి తోపులు తగ్గిపోవుచున్నవి. చెరువుగట్టులు, మందబయళ్లు, వల్లకాళ్లు, పోరంబోకు తోపులు ఇంటి స్థలములుగను చేపల చెరువులుగను మారినవి. గ్రామముల ఉమ్మడి భూములను ఆక్రమించినవారిని తొలగించి, వానిని గ్రామమునకు మరల అప్పగింపవలెనని 2011 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రప్రభుత్వములను ఆదేశించినది. ప్రతి పంచాయతీయు మిగిలినవానిలో ఒక తోపును, ఒక బోరింగును బాటసారుల పేర విడిచిపెట్టి, ఎన్ని రాత్రులు ఉండవచ్చునో పలకమీద వ్రాయించినచో వ్యయము స్వల్పము. ఆ పలకమీద కులమునుగూర్చియు వేషమునుగూర్చియు ఏమియు వ్రాయనక్కరలేదు. ఆడువారికి మరుగుదొడ్డి యొకటియు, దీపమొకటియు ఉండవలెను. తీరపుటూరైనచో ఆ దీపమును తాబేళ్ల నెలలలో సముద్రమునకు కనబడకుండ మూయవలెను.

దారినపోవువారు దిగుటవలన ఊరికేమి లాభమని అడుగువారుందురు. గొఱ్ఱెల మందలు తిరుగు పల్లెలలో రైతు నడిగి చూడవలెను. కోతలైన పిదప కాపరిని తానే పిలిచి, తన చేనిలో మంద కట్టించుకొనును. రాత్రియంతయు గొఱ్ఱెలు అందు పండుకొనును. తెల్లవారినంతట కాపరి గింజలో డబ్బో పుచ్చుకొని ముందరి యూరికి సాగిపోవును. చేనిలో ఎరువు మిగులును. మరుసటి యేడు ఆ కాపరి రాక కొంచెము ఆలస్యమైనచో రైతే దారి చూచును.